ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన 4,200 ఫోటోలు: ఎన్ని చూపించాలి, ఎలా చూపించాలి

మాస్టారూ, నమస్తే. తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీరూ అమ్మగారూ అక్టోబరులో రాజమండ్రి నుంచి మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అబ్బాయి దగ్గరకు వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చారు. మధ్యలో సిడ్నీ, బ్రిస్బేన్, పెర్త్ కూడా చూశారు. రెండు ఫోన్లు, ఒక కెమెరా కలిపి 4,200 ఫోటోలు తేలాయి. ఫ్యామిలీ గ్రూపులో రోజుకు ముప్పై నలభై పెడుతుంటే మొదటి రెండు రోజులు "సూపర్" అన్నవాళ్లు తర్వాత పలకడం మానేశారు. పైగా మసకగా ఉన్నాయన్నారు. వీటిని పద్ధతిగా ఎలా పంచుకోవాలి, ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టొచ్చా అని అడిగారు. ట్రామ్‌లో అమ్మగారు నవ్వుతుండగా తీసిన ఫోటో కదిలిపోయింది, తీసేయమంటారా అని కూడా రాశారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మాది విశాఖపట్నం. మెల్‌బోర్న్ వచ్చి పదిహేడేళ్లయింది. పిల్లల దగ్గరకు వచ్చిన పెద్దవాళ్లు తిరిగి వెళ్లేముందు వాళ్లతో కూర్చుని ఫోటోలు సర్దిపెట్టడం ఏటా నాకు అలవాటైన పని. అందులో నేను చూసింది ఒకటే. పంపిన ఫోటోలు జనం చూడకపోవడానికి కారణం ఫోటోలు బాగాలేకపోవడం కాదు. సిడ్నీ ఒపేరా హౌస్‌ను వాళ్లు ఇప్పటికే వందసార్లు చూసేశారు. అక్కడ మీకు ఏం జరిగిందో మాత్రం వాళ్లు చూడలేదు. ఫోటోతో పాటు ఆ సంగతి చేరాలి.

ఇది నాకు నేర్పింది మా అమ్మ. మొదటిసారి ఇక్కడికి వచ్చి వెళ్లాక ఫోటోలన్నీ కడిగించి ఆల్బమ్‌లో పెట్టుకుంది. నేను సెలవు మీద విశాఖ వెళ్లినప్పుడు మా వీధిలో పిన్నిగారొకావిడ వచ్చి ఆ ఆల్బమ్ తిరగేశారు. ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, సముద్రంలో నిలబడ్డ పన్నెండు అపోస్తలుల రాళ్లు, అన్నీ రెండేసి పేజీలు ఒకేసారి తిప్పేశారు. ఒక్కచోట మాత్రం ఆగిపోయారు. మా పెరట్లో బట్టలారేసిన ఫోటో అది. మధ్యలో ఒక ఇనుప స్తంభం, దాని తల మీద నాలుగు వైపులా చాచిన కమ్మీలు, వాటి చుట్టూ తీగలు, తీగల మీద అమ్మ నీలం చీర. "ఇదేం దండెమే, గొడుక్కి గుడ్డ ఊడిపోయినట్టుంది!" అన్నారావిడ. అంతే, అమ్మ అరగంట చెప్పింది. గాలికి అది గిర్రున తిరుగుతుందని, ఓ రోజు ఆ చీర ఎగిరి పక్కింట్లో పడితే అక్కడి ముసలాయన దాన్ని దుప్పటిలా నాలుగు మడతలు పెట్టి తెచ్చిచ్చాడని. ఆ తిరిగే దండేన్ని 1945లో అడిలైడ్‌లో లాన్స్ హిల్ అనే ఆయన తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆస్ట్రేలియాలో పాత పెరళ్లన్నిటిలో కనిపిస్తుంది, వాళ్లకు ఇంటి గుర్తు లాంటిది. ఏ టూరిస్టు పుస్తకం అట్ట మీదా ఉండదు. మీ 4,200లో అలాంటివి తప్పకుండా ఉంటాయి. వాటిని వెతికి పట్టుకోవడమే అసలు పని.

అయితే వెతకడానికి ముందు రెండు పనులు చేయాలి.

ఒకటి, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా రెండు చోట్లకు కాపీ చేయండి. ఒక హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. లేదా రెండు హార్డ్ డిస్కులు, రెండోది మీ ఇంట్లో కాకుండా అమ్మాయి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో. నేను మొదట్లో వెళ్లిన అడిలైడ్ ప్రయాణం ఫోటోలన్నీ ఒకే డిస్క్‌లో పెట్టుకున్నాను. అది టేబుల్ మీంచి పడి పాడైంది. చెల్లికి మెయిల్‌లో పంపిన పదకొండు మాత్రమే మిగిలాయి. గ్లెనెల్గ్ బీచ్‌కు వెళ్లే ట్రామ్‌లో నాన్న పక్కన కూర్చున్న ఫోటో ఆ పదకొండులో లేదు. ఆయన ఇప్పుడు లేరు. అందుకే ఈ మాట అందరికీ ముందుగా చెబుతాను. కాపీ రెండు చోట్లకూ చేరిందని తెరిచి చూసుకునేదాకా ఫోన్లోంచి ఒక్కటి కూడా తీసేయకండి.

రెండోది మీరు అడగలేదు గానీ మీకు తప్పకుండా ఎదురవుతుంది. కెమెరాలో టైమ్. ఫోన్ ఎక్కడికి వెళితే అక్కడి టైమ్‌కు తనే మారుతుంది. కెమెరా మారదు, మనం మార్చాలి. చాలామంది ఇండియా టైమ్‌తోనే తిరిగొస్తారు. దాంతో రెండూ కలిపి వరసలో పెట్టగానే అంతా తారుమారవుతుంది. సిడ్నీలో పొద్దున 5:45కి సూర్యోదయం తీస్తే కెమెరాలో అర్ధరాత్రి 12:15 అని ఉంటుంది. మెల్‌బోర్న్‌లో పొద్దున ఐదింటికి తీసినదైతే తేదీయే ముందురోజుది పడుతుంది. సరిచేసేటప్పుడు అన్నిటికీ ఒకే గంటలు కలిపితే కుదరదు. మీరు వెళ్లిన నెలల్లో మెల్‌బోర్న్, సిడ్నీలలో ఎండాకాలం కోసం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు. కాబట్టి ఆ రెండు ఊళ్లకూ మనకూ తేడా ఐదున్నర గంటలు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో అలా జరపరు, అక్కడ నాలుగున్నర. పెర్త్‌కు రెండున్నర గంటలే. గూగుల్ ఫోటోస్‌ను కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, ఒక ఊరి కెమెరా ఫోటోలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, తేదీ, టైమ్ మార్చే చోట అన్నిటినీ ఇన్ని గంటలు జరపమని చెప్పొచ్చు. ఊరికోసారి చేస్తే నాలుగుసార్లతో అయిపోతుంది. అప్పుడు మీ ఫోన్లోదీ అమ్మగారి ఫోన్లోదీ కెమెరాలోదీ ఒకే రోజు ఒకే కథగా పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

ఇక ఎంచుకోవడం. ఇది ఫోన్లో చేయకండి, చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కంప్యూటర్‌లోనో టీవీలోనో పెట్టండి. రోజుకు ఒక ఊరు చాలు. మొదటి చూపులో ఒకేలా ఉన్న పది పన్నెండులో ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టేయండి. తీసేయమనడం లేదు, పక్కన మాత్రమే. రెండో చూపులో ప్రతి ఫోటో దగ్గరా ఆగి, "ఇది చూపిస్తూ నేనేం చెబుతాను?" అని మిమ్మల్ని మీరే అడగండి. "ఇది ఫలానా టవర్" అన్నదానికి మించి ఏమీ రాకపోతే అది కూడా పక్కకే. మీరూ అమ్మగారూ విడివిడిగా ఎంచి తర్వాత కలిపి చూడండి. ఇద్దరూ ఎంచినవి మొదట, అమ్మగారు ఒక్కరే ఎంచినవి తర్వాత. ఎందుకంటే మగవాళ్లం కట్టడాలు ఎంచుతాం, ఆడవాళ్లు మనుషులున్నవి ఎంచుతారు, చూసేవాళ్లకు కావాల్సింది మనుషులు. నేను చూసిన ఇళ్లన్నిటిలో దాదాపు ఇదే జరిగింది. మొత్తం మీద డెబ్భై ఎనభై దాటనివ్వకండి. మూడు నెలల ప్రయాణానికి అది తక్కువేమీ కాదు.

ఊరూరూ ఏం వెతకాలో చెబుతాను. ముందు అన్ని ఊళ్లకూ వర్తించే మాట ఒకటుంది. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు. ఈ ఊళ్లలో ఎప్పుడూ ఉత్తరం వైపే ఒరిగి ఉంటాడు. మన అలవాటు కొద్దీ వెలుగు ఎటునుంచి వస్తుందో అంచనా వేసుకుని నిలబడితే మొహాలు నల్లగా వస్తాయి. మీ మధ్యాహ్నం ఫోటోల్లో చాలా వాటిలో మొహాలు చీకటిగా ఉంటే కెమెరాను తప్పుపట్టకండి. ఎడిట్‌లో నీడ పడ్డ చోట వెలుగు కాస్త పెంచితే చాలావరకు తేరుకుంటాయి.

సిడ్నీలో ఒపేరా హౌస్‌నే తీసుకోండి. అందరూ వెళ్లే చోటు మిసెస్ మాక్వారీస్ పాయింట్. అక్కడి నుంచి చూస్తే ఒపేరా హౌస్, వంతెన రెండూ పడమర దిక్కున ఉంటాయి. పొద్దున వెళ్లినవాళ్లకు రెండూ తెల్లగా మెరుస్తూ వస్తాయి. సాయంత్రం వెళ్లినవాళ్లకు వెనక ఎర్రటి ఆకాశం, ముందు నల్లటి ఆకారాలు వస్తాయి. అదీ అందమే, కానీ ఆ ముందు నిలబడ్డ మీరు కూడా నల్లగానే వస్తారు. ఫెర్రీలు ఆగే రేవు సర్కులర్ కీ వైపు నుంచి తీసినవైతే దీనికి సరిగ్గా తిరగేసి, సాయంత్రం ఎండ గుల్లల్లాంటి ఆ కప్పుల మీద బంగారంలా పడుతుంది. మ్యాన్లీ బీచ్ వైపు వెళ్లే ఫెర్రీ ఎక్కి ఉంటే వెనక్కి తిరిగి తీసినవి చూడండి. అక్కడి నుంచి చూపు దక్షిణం వైపు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కూడా వెలుగు మీ వీపు వెనక నుంచే వస్తుంది.

దూరం నుంచి తీసింది ఒక్కటి చాలు. దగ్గరకు వెళ్లి తీసింది ఏదైనా ఉందేమో వెతకండి. దూరానికి ఆ కప్పు మల్లెపువ్వులా ఒకే తెలుపు. మెట్లెక్కి గుల్ల అంచు దాకా వెళితే అది తెలుపే కాదు. కొన్ని పెంకులు నిగనిగలాడే తెలుపు, కొన్ని మెరుపు లేని మీగడ రంగు, రెండూ కలిసి బాణపు మొన ముగ్గులా అమర్చి ఉంటాయి. పది లక్షలకు పైగా పెంకులు, స్వీడన్‌లో చేయించి తెచ్చారు. చెయ్యి ఆనించి చూడొచ్చు. అమ్మగారు పెంకు మీద చెయ్యి పెట్టి నిలబడ్డ ఫోటో ఒక్కటి ఉన్నా మిగతా నలభై అక్కర్లేదు. దాని కింద ఈ సంగతి కూడా రాయండి. ఒపేరా హౌస్ నమూనా గీసిన యోర్న్ ఉట్జన్ డెన్మార్క్ ఆయన. 1966లో గొడవలొచ్చి పని మధ్యలోనే వెళ్లిపోయారు. 1973లో అది తెరిచారు. 2007లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 2008లో ఆయన చనిపోయారు. మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు, పూర్తయిన తన కట్టడాన్ని కళ్లారా చూసుకోలేదు. మీ ఇంట్లో ఎవరూ ఆ ఫోటోను ఊరికే దాటి వెళ్లరు.

హార్బర్ బ్రిడ్జికి మీ ఊరివాళ్ల కోసం ఒక మాట ఉంది. రాజమండ్రిలో గోదావరి మీద ఆర్చ్ రైలు వంతెనను రోజూ చూసేవాళ్లకు సిడ్నీ వంతెన ఎంతుంటుందో అంకెలు చెబితే అందదు. మన వంతెనకు వరసగా ఎన్నో విల్లులు, ఒక్కొక్కటి వంద మీటర్లకు కాస్త తక్కువ. సిడ్నీలో ఉన్నది ఒకే విల్లు, 503 మీటర్లు. మన విల్లులు ఐదు ఒకదాని పక్కన ఒకటి పెడితే వాళ్లది ఒకటి. 1932లో తెరిచారు. రెండు వంతెనల ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపండి. మీ గ్రూపులో ఎవరూ పలకడం లేదన్నారు కదా, దీనికి పలుకుతారు.

సిడ్నీకి దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో 1985 నుంచి ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి ఉంటే బయట నుంచి తీసిన గోపురం ఫోటో తప్పకుండా పెట్టండి, గోపురం వెనక చెట్లు కనిపించేదైతే మరీ మంచిది. ఆ చెట్లు జామాయిల్ జాతివే. మన దగ్గర తోటలు తోటలుగా వేసే జామాయిల్‌కు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ఎవరూ నాటకుండా అడవంతా అదే పెరుగుతుంది, బెరడు పొడుగు పట్టీలుగా ఊడి కాండానికి వేలాడుతూ ఉంటుంది. తూర్పుగోదావరిలో పొలాలున్న మీ బంధువులకు ఆ బెరడు ఫోటో ఒపేరా హౌస్ కంటే దగ్గరగా అనిపిస్తుంది.

మెల్‌బోర్న్‌లో మీరు మూడు నెలలు ఉన్నారు, ఎక్కువ ఫోటోలు అక్కడివే అయి ఉంటాయి. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ పసుపు భవనం, 1910లో పూర్తయింది. దాని గుమ్మం మీద వరసగా ఉన్న గడియారాలు ఒక్కో లైన్‌లో తర్వాతి రైలు ఎప్పుడో చూపిస్తాయి. ఇక్కడివాళ్లు ఎవరినైనా కలవాలంటే "గడియారాల కింద ఉంటా" అంటారు. మీ అబ్బాయి కూడా ఎప్పుడో ఒకరోజు మిమ్మల్ని అక్కడే నిలబడమని ఉంటాడు. ఆ ఎదురుచూపు ఫోటో ఉంటే అది పెట్టండి. స్టేట్ లైబ్రరీలో 1913 నాటి గుమ్మటం కింద ఎనిమిది పలకల చదువుల గది ఉంది. పై అంతస్తు నుంచి కిందకి చూసి తీస్తే బల్లలు చక్రం ఆకుల్లా వస్తాయి. జీవితమంతా బడిలో గడిపిన మీరు ఆ గదిలో కూర్చున్న ఫోటో ఉంటే మీ పాత విద్యార్థులకు అదొక్కటే పంపినా చాలు.

హోసియర్ లేన్ గోడల బొమ్మల ఫోటోలకు తేదీ తప్పకుండా వేయండి. ఆ సందులో ఇవాళ ఉన్న బొమ్మ మీద వారం తిరిగేసరికి ఇంకొకరు వేసేస్తారు. మీరు తీసింది ఇప్పుడు ఆ గోడ మీద ఉండకపోవచ్చు. అంటే అది మీ దగ్గర మిగిలిన జ్ఞాపకం, దానికి విలువ ఎక్కువ. బొమ్మ మూలలో చిత్రకారుడి పేరు కనిపిస్తే ఫోటో కింద అదీ రాయండి.

ఇక్కడ వాతావరణం ఒకే రోజులో నాలుగు కాలాలు చూపిస్తుందంటారు. పొద్దున స్వెటర్, మధ్యాహ్నం పలచటి చొక్కా, సాయంత్రం గొడుగు. ఒకే రోజు తీసిన అలాంటి మూడు ఫోటోలు దొరికితే వరసగా పెట్టి చూడండి, ఒక్క ముక్క రాయనక్కర్లేదు.

పెర్త్ గురించి విశాఖవాడిగా నాకొక మాట చెప్పాలనుంది. మన కోస్తా అంతటా సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. సిడ్నీలోనూ అంతే, బాండై బీచ్‌లో సూర్యోదయం చూస్తుంటే ఆర్కే బీచ్‌లో నిలబడ్డట్టే ఉంటుంది. పెర్త్ పడమటి తీరం. కాటెస్లో బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. అది మా ఊళ్లో ఎన్నేళ్లున్నా చూడలేం. పైగా ఆ నీళ్లు మన హిందూ మహాసముద్రానివే. కింగ్స్ పార్క్ మీంచి స్వాన్ నది కనిపించేది ఒకటి, ఈ అస్తమయం ఒకటి, పెర్త్‌కు ఇవి చాలు. బ్రిస్బేన్‌కు మీరు అక్టోబరు, నవంబరుల్లో వెళ్లి ఉంటే జకరాండా చెట్లు ఊదారంగులో పూసి ఉంటాయి. చెట్టు కన్నా దాని కింద నేలంతా పరుచుకున్న పూలు ఎంచండి. 1940 నాటి స్టోరీ బ్రిడ్జి రాత్రి దీపాలతో ఒకటి. అంతకంటే వద్దు.

రాసే మాటల గురించి. "సిడ్నీలో మేము" అని రాయకండి, అది ఫోటోలోనే కనిపిస్తోంది. ఫోటోలో కనిపించనిది రాయండి. ఎంత చలి వేసిందో, ఆ కాఫీ ఎంత పడిందో, పక్కన కూర్చున్న ముసలావిడ అమ్మగారి గాజుల గురించి ఏమడిగిందో. రెండు వాక్యాలు దాటనక్కర్లేదు. తెలుగులోనే రాయండి. ఇక్కడ పుట్టిన మీ మనవలకు చదవడం రాకపోతే వాయిస్ మెసేజ్‌గా చెప్పి ఫోటో వెంటే పంపండి, రేపు వాళ్లకు ఫోటోకన్నా ఆ గొంతే అపురూపమవుతుంది. ఆలస్యం మాత్రం చేయకండి. ఆరు నెలలు పోతే ఊరి పేర్లు మిగులుతాయి, ఇలాంటి సంగతులు జారిపోతాయి.

మసక సంగతి సులువు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు బాగా తగ్గించి పంపుతుంది. పంపే ముందు హెచ్‌డీ అన్న గుర్తు నొక్కితే కొంత మెరుగు. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫోటో ఏమీ తగ్గకుండా వెళుతుంది. కానీ ఒక జాగ్రత్త: మామూలుగా పంపినప్పుడు ఫోటోలో దాగి ఉన్న లొకేషన్ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అవి కూడా వెంట వెళతాయి. అబ్బాయి ఇంట్లో తీసినవి అలా పంపితే ఇంటి చిరునామా ఇచ్చినట్టే.

నా సలహా ఏమిటంటే ఎంచిన ఎనభైతో గూగుల్ ఫోటోస్‌లో ఒక షేర్డ్ ఆల్బమ్ చేయండి. అందులో లొకేషన్ చూపించకుండా ఆపే వీలుంది, అది ఆపండి. లింక్ ఎవరి చేతికి వెళితే వాళ్లు చూడగలరు కాబట్టి దగ్గరివాళ్లకే ఇచ్చి, నెలా రెండు నెలలయ్యాక లింక్ ఆపేయండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ మెయిల్స్ కూడా కలిసి ఉంటాయి. 4,200 అందులో పట్టకపోవచ్చు, ఎనభై హాయిగా పడతాయి. గ్రూపులో మాత్రం రోజుకు ఒక్కటే, ఆ రెండు వాక్యాలతో. రెండున్నర నెలలు రోజూ మీ ఫోటో కోసం చూస్తారు. ఫోన్ వాడని పెద్దవాళ్లుంటే ఇరవై ప్రింట్లు వేయించి, వెనక పెన్సిల్‌తో రాసి చేతికివ్వండి. ఒళ్లో పెట్టుకుని చూసే ఫోటోను ఎవరూ రెండేసి తిప్పరు, ఇరవైకి మించనంతవరకు.

ఫేస్‌బుక్‌లో అందరికీ పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు, కొన్ని వడపోసి. ఆస్ట్రేలియాలో బహిరంగ స్థలాల్లో సొంతానికి ఫోటోలు తీసుకోవడం సాధారణంగా తప్పు కాదు. కట్టడాలు, బహిరంగంగా శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాలు ఫోటో తీసి పెట్టుకోవడానికి అక్కడి 1968 కాపీరైట్ చట్టంలోనే వెసులుబాటు ఉంది. గోడ బొమ్మలకు ఆ వెసులుబాటు లేదు. అందరూ పెట్టుకుంటున్నారు గానీ, వాటిని క్యాలెండర్‌గానో కార్డుగానో అచ్చువేసి అమ్మాలంటే వేసినవాళ్ల అనుమతి కావాలి. మెల్‌బోర్న్ దగ్గరి ఫిలిప్ ఐలాండ్‌లో సాయంత్రం పెంగ్విన్లు ఒడ్డుకు వచ్చేచోట ఫోటోలే తీయనివ్వరు, ఫోన్‌తో కూడా. వెలుగుకు వాటి కళ్లు బెదిరి దారి తప్పుతాయి. మీ దగ్గర పొరపాటున ఉంటే పెట్టకండి, చూసి ఇంకొకరు తీస్తారు.

నాకు అసలు టెన్షన్ పెట్టేవి వేరే. బోర్డింగ్ పాస్ పట్టుకుని ఎయిర్‌పోర్టులో తీసుకున్న ఫోటో. అందులో పేరు, బుకింగ్ నంబరు, బార్‌కోడ్ అన్నీ ఉంటాయి. ప్రయాణం అయిపోయినా సరే, పెట్టకండి. అబ్బాయి ఇంటి ముందు తీసినది, గేటు నంబరు, కారు నంబరు పడితే కత్తిరించండి. మనవరాలు స్కూల్ యూనిఫాంలో ఉన్నది ఎంత ముద్దుగా ఉన్నా పబ్లిక్‌గా వద్దు, యూనిఫాం మీద స్కూలు పేరు ఉంటుంది. ఆ పాప ఫోటో ఏదైనా సరే ముందు కొడుకునీ కోడలినీ అడిగాకే. ఇక్కడ పెరిగే పిల్లల తల్లిదండ్రులు ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉంటారు, మనం అడగకుండా పెడితే పైకి అనకపోయినా బాధపడతారు. బీచ్‌లో, పార్కుల్లో వేరేవాళ్ల పిల్లలు మొహం తెలిసేలా పడినవి కూడా అంతే. చట్టం ఏమన్నా, ఆ తల్లి చూస్తే ఏమనుకుంటుందో అది ఆలోచించండి. మళ్లీ వెళ్లేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి: అక్కడున్న రోజుల్లో పబ్లిక్‌గా పెడితే రాజమండ్రి ఇల్లు తాళం వేసి ఉందని ఊరందరికీ చెప్పినట్టు. తిరిగొచ్చాక పెట్టడమే మంచిది.

ఇక ట్రామ్‌లో అమ్మగారి ఫోటో. మీరు జతచేసిన నమూనాల్లో దాన్ని పెద్దది చేసి చూశాను. కిటికీ బయట ఊరంతా గీతలైపోయింది. అమ్మగారి మొహం కూడా కాస్త చెదిరింది. అయితే ఆవిడ ఎడమ చెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది, పైనుంచి వేలాడే తోలు పట్టీని గట్టిగా పట్టుకుని. సీట్లు చెక్కవి, కాబట్టి అది ఊరి మధ్య ఉచితంగా చుట్టూ తిప్పే 35 నంబరు పాత ట్రామ్ అయి ఉంటుంది. అది మలుపు తిరిగేటప్పుడు ఎంత కుదుపుతుందో నాకు తెలుసు, మొదటిసారి ఎక్కినప్పుడు మా అమ్మ కూడా అలాగే నవ్వింది. ట్రామ్ కదులుతోంది, ఆవిడ నవ్వుతోంది, మీ చెయ్యి అదిరింది. మూడూ ఆ ఫోటోలో ఉన్నాయి. దాన్ని తీసేయకండి. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఫోటో తర్వాత దీన్ని పెట్టి, ఆ క్షణాన ఆవిడ ఏమన్నదో ఆవిడనే అడిగి కింద రాయండి.